బడిలో కథోలిక పిల్లల బృందాన్ని నడపాలంటే: చిత్తూరు టీచరు చెప్పే కొన్ని సంగతులు

జూన్‌లో బడి తెరవగానే ప్రిన్సిపల్ సిస్టర్ పిలిచి, "ఈ ఏడాది మన కథోలిక పిల్లల్ని మీరు చూసుకోండి టీచర్" అంటారు. చేతికి ఒక రిజిస్టరు, వారానికి ఒక పీరియడు ఇస్తారు. అంతే. పదిహేనేళ్ల కిందట చిత్తూరులో నాకూ అంతే ఇచ్చారు. నేను తెలుగు టీచర్ని. పద్యం చెప్పమంటే చెబుతాను గానీ, పిల్లల ప్రార్థన ఎలా నడపాలో అప్పట్లో నాకు తెలీదు. ఈ ఏడాది ఆ పని మీకొచ్చి ఉంటే ఇది చదవండి.

మొదటి వారంలో ఎవరు ఏ ఇంటి బిడ్డో తెలుసుకోండి. నా క్లాసులో నలభై రెండు మందిలో కథోలికులు ఐదుగురే. వేరే చర్చిలకు వెళ్లే క్రైస్తవ పిల్లలు ఇంకో ఆరుగురు. మిగిలినవాళ్లు హిందువులు, ముస్లింలు. జ్ఞానోపదేశం క్లాసు, అంటే కథోలిక విశ్వాసాన్ని నేర్పే పాఠం, కథోలిక పిల్లలకే పెట్టండి, అదే పీరియడులో మిగతావాళ్లకు నీతి పాఠం జరగాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఏ బిడ్డనూ సమ్మతి లేకుండా మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది. మైనరైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. 2024లో భారత కథోలిక మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య తన బడులకిచ్చిన సూచనల్లోనూ, మన ఆచారాలను ఇతర మతాల పిల్లల మీద రుద్దొద్దని ఉంది. చట్టం లేకపోయినా నేను అలాగే చేస్తాను. పొద్దున గంగమ్మ గుడిలో కుంకుమ పెట్టుకుని వచ్చిన బిడ్డ నుదుటిని చూసి ముఖం చిట్లించే టీచరు ప్రార్థన చెబితే, ఆ ప్రార్థన ఏ బిడ్డకు అంటుతుంది?

నెల మొదటి శుక్రవారం పూజ (మాస్) దగ్గర ఒక జాగ్రత్త. పూజలో ఫాదర్ గారు ఇచ్చే పవిత్రమైన అప్పాన్ని మనం "దివ్యసత్ప్రసాదం" అంటాం. తిరుపతి పక్కన పుట్టిన పిల్లలకు ప్రసాదమంటే చెయ్యి చాపి, కళ్లకద్దుకుని తీసుకునేదే. అందుకే ఆశపడి వరుసలో నిలబడతారు. వాళ్లలో తప్పేమీ లేదు, ముందుగా చెప్పకపోవడం మన తప్పు. నా రెండో ఏడాదిలో ఏడో తరగతి పాప ఒకటి ఫాదర్ గారి దాకా వెళ్లి, అందరి ముందూ వెనక్కి వచ్చింది. దాని ముఖం నాకింకా గుర్తే. అప్పటినుంచి పూజకు ముందే పిల్లలందరికీ చెబుతున్నాను: మొదటి సత్ప్రసాదం తీసుకున్న కథోలికులే వస్తారు, మిగతావాళ్లు కూర్చున్నచోటే కళ్లు మూసుకుని తమకు తోచిన ప్రార్థన చేసుకోవచ్చు.

ఇంకోటి, తిండి సంగతి. సత్ప్రసాదానికి ముందు ఒక గంట ఏమీ తినకపోతే చాలు, మంచినీళ్లు తాగొచ్చు. తపస్కాలంలో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఉపవాస నియమం పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే. మాంసం మానాలన్న నియమం పద్నాలుగేళ్లు నిండినవాళ్లకు. ఇది తెలియక, అవ్వ చెప్పిందని ఖాళీ కడుపుతో వచ్చి మార్చి ఎండలో అసెంబ్లీలో పడిపోయిన పిల్లలున్నారు. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారానికి ముందు రోజే ఈ వయసులు బోర్డు మీద రాయండి. పదో తరగతి పరీక్షలు వచ్చేదీ తపస్కాలంలోనే, సంగటి తిని రమ్మని గట్టిగా చెప్పండి.

ఇక వారం వారం జరిగే కూటం. నా దృష్టిలో అసలు పని ఇదే. మేం వై.సి.ఎస్. (యంగ్ క్రిస్టియన్ స్టూడెంట్స్ అనే విద్యార్థి ఉద్యమం) పద్ధతిలో నడుపుతాం: చూడు, విచారించు, చెయ్యి. బెల్జియంలో ఫ్యాక్టరీ కుర్రాళ్ల మధ్య పనిచేసిన జోసెఫ్ కార్డైన్ అనే గురువు (ఫాదర్) నేర్పిన పద్ధతి ఇది. ఆయన యువ కార్మికుల ఉద్యమం 1925లో మొదలైంది. 1961లో పోప్ ఇరవై మూడో జాన్ తన విశ్వలేఖలో, అంటే సభ అంతటికీ రాసిన ఉత్తరంలో, ఈ మూడు మెట్లనూ చేర్చారు. పద్ధతి తేలికే. మనం నోరు మూసుకుని కూర్చోవడమే కష్టం.

ఒక జూన్‌లో "మన బడిలో ఏం చూశారు?" అని అడిగాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఎనిమిదో తరగతి అమ్మాయి, "మా క్లాసులో నలుగురు ఇంకా రాలేదు మిస్" అంది. ఎందుకని ఆరా తీసి రమ్మన్నాను. తోతాపురి కోతల కాలం. తల్లులు గుజ్జు ఫ్యాక్టరీల్లో షిఫ్టులకు వెళ్తే, ఈ ఆడబిడ్డలు చిన్నవాళ్లను చూసుకుంటూ ఇంట్లో ఆగిపోయారు. తర్వాతి వారం సువిశేషం తెరిచాం. నేను మంచి సమరీయుడి కథ చదవాలనుకున్నాను. పిల్లలు మత్తయి 20వ అధ్యాయం అడిగారు, ద్రాక్షతోటలో పొద్దుగూకే వేళ వచ్చిన కూలీల కథ. "లేటుగా వచ్చినోళ్లకీ నిండు కూలి ఇచ్చాడు కదా మిస్. వీళ్లకి మాత్రం పాఠాలు ఎందుకు పోవాలి?" అన్నారు. నాకు ఆ పోలిక తట్టనే లేదు. పోయిన పాఠాల నోట్సు తలా ఒక సబ్జెక్టు రాసి ఇవ్వాలనుకున్నారు. ఇంతలో ఒకడు, "రాసిస్తే లెక్కలు వస్తాయా? కూర్చుని చెప్పాలి" అన్నాడు. జూలై అంతా భోజనాల బెల్లు తర్వాత వేపచెట్టు కింద లెక్కలు చెప్పుకున్నారు. ఆ నలుగురిలో ముగ్గురు హిందువులు. ఎవరినీ ప్రార్థనకు పిలవలేదు.

పునీతుల కథలు చెప్పేటప్పుడు దగ్గరివాళ్లవీ చెప్పండి. చిత్తూరు కడప మేత్రాసనంలోకి, అంటే కడప బిషప్పు గారి పరిధిలోకి వస్తుంది. పేదరికం వల్ల ఏడో తరగతితో బడి మానేసి, మిషనరీల చేయూతతో మళ్లీ చదివిన పూల ఆంతోని గారు 1992లో ఈ మేత్రాసనానికే గురువయ్యారు, 2022లో కార్డినల్ అయ్యారు. ఆ ఏడో తరగతి మాట దగ్గర పిల్లలు తలెత్తి చూస్తారు.

పూజలో అందరి అవసరాల కోసం చదివే విశ్వాసుల ప్రార్థనలు పిల్లలనే రాయనివ్వండి, దిద్దకండి. "మా అమ్మ షిఫ్టు నుంచి వచ్చేలోపు నాకు నిద్ర రాకుండా చూడు దేవా" అని ఒకసారి ఒక బిడ్డ రాస్తే, నేను దాన్ని "శ్రామికులైన తల్లులందరి కొరకు" అని మార్చేశాను. పూజలో అది చదువుతుంటే ఆ బిడ్డ తల దించుకుంది. అక్షర దోషం తప్ప ఇంకేదీ ముట్టుకోను ఇప్పుడు.

పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకోవడానికి, తరగతులవారీగా లైను కట్టించకండి. వరండాలో, అందరికీ కనబడుతూ ఎవరికీ వినబడనంత దూరంలో రెండు కుర్చీలు వేయించండి. ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో రాసుకోవద్దు.

ఫిబ్రవరి వచ్చేసరికి పదో తరగతివాళ్లకు ఏ బాధ్యతా ఉంచకండి. మా దగ్గర ఆ నెల చివరి కూటంలో వాళ్లే బృందం నోటుపుస్తకాన్ని తొమ్మిదో తరగతివాళ్ల చేతిలో పెడతారు. మొదటి పేజీలో, జూన్‌లో ఎవరెవరి ఇళ్లకు వెళ్లి పలకరించాలో వీధి పేర్లతో సహా రాసి ఉంటుంది.