పాత చైనా పింగాణీ, జేడ్ కొనే ముందు

బీజింగ్ పాన్‌జియాయువాన్ సంతలోనో, హాంకాంగ్ హాలీవుడ్ రోడ్డులోనో పర్సు తీసే ముందు ఇవి చూసుకోండి.

• అడుగున రాజముద్ర ఉందని మురిసిపోవద్దు. కాంగ్షీ చక్రవర్తి కాలంలోనే (1662–1722) అంతకు రెండు వందల ఏళ్ల ముందున్న చెంగ్‌హువా చక్రవర్తి పేరు వేసేవారు. అదంతా మోసం కాదు, పాత పనితనం మీద గౌరవం కూడా. పింగాణీకి పేరుపడ్డ జింగ్‌డెజెన్ పట్టణంలో పాత ముద్రలు ఇప్పటికీ వేస్తున్నారు. అందుకే నేను ముద్రను ఆఖర్న చూస్తాను.

• ముందు చూడాల్సింది గ్లేజు (గాజులాంటి పైపూత) లేని అడుగు అంచు. నిజమైన అరుగుదల ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. గీతలన్నీ ఒకే తీరుగా ఉంటే గరుకు కాగితంతో రుద్దారేమోనని అనుమానించండి. పగుళ్లలో గోధుమ రంగా? అది టీ డికాక్షన్‌తోనూ వస్తుంది.

• ఉంగరాలు, గాజులు తీసేయండి. పిడి పట్టుకుని ఎత్తొద్దు.

• వస్తువును చేతి నుంచి చేతికి అందుకోవద్దు. అమ్మేవాడు బల్ల మీద పెట్టాకే తీసుకోండి. మధ్యలో జారితే తప్పెవరిదో తేలదు, టెన్షన్ మాత్రం మీదే!

• అతినీలలోహిత టార్చి వెంట ఉంచుకోండి. అతుకులు, పైపూతలు చాలావరకు వేరుగా మెరుస్తాయి.

• జేడైట్ (జేడ్ రాయిలో ఒక రకం) అయితే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి. ‘ఎ’ రకమంటే రెసిన్, రంగు ఎక్కించనిది.

• చైనా ప్రధాన భూభాగం నుంచి 1911కు ముందు నాటి పురావస్తువులను బయటికి తీసుకెళ్లడం నిషేధం. కొన్నాక కాదు, బేరానికి ముందే కాగితాలు చూడండి.