మన పరిశోధనను తెలుగులో చెప్పడం, దానినే తరగతిలో వాడుకోవడం ఎలా

పరిశోధనా పత్రం ఒకటి అచ్చయితే దానిని పూర్తిగా చదివేవారు సాధారణంగా ఆ రంగంలో పనిచేసే కొద్దిమందే. ఆ ఫలితంతో నేరుగా పని ఉన్న రైతుకో రోగికో అది చేరదు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఎలక్ట్రానిక్ రూపంలో అందరికీ అందుబాటులో ఉంచాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2009లోనే నిబంధన పెట్టింది. యూజీసీకి చెందిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడుపుతున్న ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో ఇప్పుడు అవి లక్షల్లో ఉన్నాయి. అయితే అందుబాటులో ఉండటం వేరు, అర్థం కావడం వేరు. ఈ రెండో పనిని అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఎలా చేయవచ్చో మనందరికీ తెలిసిన వరి రకం ఒకదానిని ఉదాహరణగా తీసుకొని చెబుతాను.

బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, సన్నగింజ వల్లా రుచి వల్లా పేరు తెచ్చుకుంది కాని బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేకపోయింది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), అప్పటి వరి పరిశోధన సంచాలక కార్యాలయం కలిసి ఆ తెగులును నిరోధించే 3 జన్యువులను ఈ రకంలోకి తెచ్చి, మెరుగైన సాంబ మసూరిని రూపొందించాయి. శాస్త్ర పత్రం రాసేటప్పుడు తల్లిరకాలు, మార్కర్లు, సంకరణ తరాలు, క్షేత్ర పరీక్షలు అనే వరుసలో సాగుతాం. చదివే రైతు మాత్రం మూడే అడుగుతాడు: నా చేలో తెగులు ఆగుతుందా, బియ్యం పాత సాంబలాగే ఉంటుందా, ఇది జన్యుమార్పిడి పంటా? కాబట్టి కలం పట్టకముందే, మీ శాఖకు సంబంధం లేని ఒకరికి మీ పనిని రెండు నిమిషాల్లో చెప్పి, వారు అడిగిన మొదటి మూడు ప్రశ్నలను రాసుకోండి. వ్యాసానికి వరుసను నిర్ణయించేవి ఆ ప్రశ్నలే. మనకు ఎంతో ఇష్టమైన పద్ధతుల విభాగం ఒక్కోసారి ఒక పేరాకు కుదించుకుపోతుంది, దానికి నొచ్చుకోకూడదు.

ఫలితం చెప్పే వాక్యంలోనే దాని హద్దు కూడా ఉండాలి. "ఈ రకం తెగుళ్లను తట్టుకుంటుంది" అని రాస్తే అది తప్పు, పైగా నష్టం కలిగించే తప్పు. ఈ రకంలోకి తెచ్చిన జన్యువులు పనిచేసేది బాక్టీరియా ఎండాకు తెగులు మీదే. అగ్గి తెగులుకూ సుడిదోమకూ వాటితో సంబంధం లేదు. హద్దును వ్యాసం చివర ఒక పేరాలో పెడితే చాలదా అని కొందరు అడుగుతారు. చివరిదాకా చదివే పాఠకులు తక్కువ. పైగా వ్యాసంలోని ఒక్క వాక్యాన్నే విడిగా తీసి పంచుకునేవారు ఎక్కువ.

మూడో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే మార్కర్ అంటే ఏమిటో చెప్పక తప్పదు. ఇక్కడ పోలిక అవసరమవుతుంది. మీ ఇల్లు ఎక్కడ అని అడిగితే వేపచెట్టు పక్కన అని చెబుతాం. చెట్టు ఇల్లు కాదు, కాని చెట్టు కనిపిస్తే ఇల్లు దగ్గరలో ఉన్నట్టే. మార్కర్ కూడా అలాగే, కావలసిన జన్యువు పక్కన ఉండే డీఎన్‌ఏ గుర్తు. నిరోధక జన్యువున్న రకాన్ని సాంబ మసూరితో సంకరపరచి, వచ్చిన మొక్కల్లో ఆ గుర్తు ఉన్నవాటిని ఎంచుకొని, వాటిని తరం వెంట తరం మళ్లీ సాంబ మసూరితోనే సంకరపరుస్తూ పోయారు. జన్యువును ప్రయోగశాలలో చొప్పించలేదు, అది వచ్చింది పుప్పొడి ద్వారానే కనుక ఇది జన్యుమార్పిడి పంట కాదు. పోలిక ఎక్కడ తెగిపోతుందో కూడా వెంటనే చెప్పాలి: చెట్టు ఇంటిని విడిచిపోదు, కాని మార్కర్‌కూ జన్యువుకూ మధ్య దూరం ఎక్కువగా ఉంటే తరం మారేటప్పుడు అవి విడిపోవచ్చు. నా అనుభవంలో ఈ ఒక్క వాక్యం రాయగలిగిన విద్యార్థికి విషయం వచ్చినట్టే.

పదాల ఎంపికలో రెండు అతులున్నాయి. ప్రతి సాంకేతిక పదానికీ సంస్కృత సమాసం కట్టడం ఒకటి, ఆంగ్ల పదాలన్నిటినీ తెలుగు లిపిలోకి దించేసి ఊరుకోవడం రెండోది. తెలుగులో విజ్ఞాన గ్రంథాలు ప్రచురించేందుకు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు కాలం నుంచి ఈ చర్చ నడుస్తూనే ఉంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పాఠ్యపుస్తకాలు ఎన్నో పదాలను స్థిరపరిచాయి; కాలిఫోర్నియాలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు ఇంగ్లీషు-తెలుగు నిఘంటువే కూర్చారు. నేను పాటించే క్రమం ఇది: రైతుకో నర్సుకో ముందే ఒక మాట ఉంటే అదే వాడాలి, లేకపోతే పాఠశాల పుస్తకంలోని మాట, అదీ లేకపోతే ఆంగ్ల పదాన్నే తెలుగు లిపిలో రాసి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించాలి. "ఎండాకు తెగులు" అనే మాట ఉండగా ఆ బాక్టీరియా పేరుతో "జాంథోమోనాస్ వ్యాధి" అని రాయడంలో పాండిత్య ప్రదర్శన తప్ప ప్రయోజనం లేదు.

గణాంక పదాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఆంగ్ల పత్రంలో "సిగ్నిఫికెంట్" అని ఉన్న తేడాను ఒకప్పుడు నేనే "గణనీయమైన తేడా" అని రాశాను. చదివినవారు అది పెద్ద తేడా అనుకున్నారు. నిజానికి ఆ పదం తేడా ఎంత పెద్దదో చెప్పదు. కేవలం యాదృచ్ఛికత వల్లనే అయితే ఇంత తేడా కనిపించడం అరుదు అని మాత్రమే చెబుతుంది. తేడా పరిమాణాన్ని విడిగా, అంకెతో రాయాలి. ముప్పు 50 శాతం పెరిగింది అని రాసినప్పుడు వెయ్యిమందిలో ఇద్దరికి వచ్చేది ముగ్గురికి వస్తోందా, 200 మందికి వచ్చేది 300 మందికి వస్తోందా అనేది కూడా రాయకపోతే ఆ శాతానికి అర్థం లేదు.

అంకెను మనిషి జీవితానికి ముడిపెట్టడం మరో పద్ధతి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. నల్లగొండ పాఠకునికి ఈ అంకె ఒక్కటే ఇస్తే సరిపోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములున్న నీటిని నీడపట్టున పనిచేసే మనిషి రోజుకు 2 లీటర్లు తాగితే 3 మిల్లీగ్రాములు లోపలికి వెళతాయి. ఎండాకాలంలో పొలం పనిచేసే మనిషి 5 లీటర్లు తాగితే అదే నీటితో 7.5 మిల్లీగ్రాములు వెళతాయి. ఈ లెక్క రాశాక, ఒకే హద్దు ఇద్దరికీ సరిపోతుందా అనే అసలు ప్రశ్న పాఠకునికే తోస్తుంది.

ప్రచురించే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి. పేటెంటుకు దరఖాస్తు చేసే ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు, తర్వాతే వ్యాసం; మన చట్టంలో ముందే బహిరంగపరచిన ఆవిష్కరణ కొత్తదనాన్ని కోల్పోతుంది, మినహాయింపులు చాలా తక్కువ. సహరచయితల సమ్మతి తీసుకోవాలి. సిద్ధాంత గ్రంథం ఇంకా సమర్పించనివారు అందులోని వాక్యాలను యథాతథంగా బయట పెట్టకూడదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ముందే ప్రచురితమైన రచనలతో 10 శాతం దాటిన సారూప్యానికి చర్యలున్నాయి, తన వాక్యమే తనకు అడ్డం తిరిగిందని తర్వాత వివరణ ఇచ్చుకోవడం కష్టం.

ఇక తరగతి గది. పాఠానికి ముందు ఇలాంటి వ్యాసం ఒకటి చదివించి, ఆ తర్వాత మూల పత్రాన్ని చేతికిస్తే, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థులు ఆంగ్ల పత్రానికి భయపడటం తగ్గుతుంది. అంతకంటే మేలైనది వారిచేతనే రాయించడం. ఒక సెమిస్టరులో ఒక్కొక్కరికి ఒక పత్రం ఇచ్చి, ఇంటర్మీడియట్ చదివినవారికి అర్థమయ్యేలా 600 పదాలు రాయమంటాను. మొదటి చిత్తుప్రతిని మరో శాఖ విద్యార్థి చదువుతాడు. దిద్దకూడదు, తాను ఎక్కడ ఆగిపోయాడో అక్కడ గీత మాత్రమే గీయాలి. ఆ గీతలను చూసి రెండో ప్రతి రాస్తారు. 20 మార్కుల్లో 8 విషయం సరిగా ఉన్నందుకు, 5 హద్దులు చెప్పినందుకు, 4 రెండు ప్రతుల మధ్య వచ్చిన మార్పుకు, 3 మాత్రమే భాషకు ఇస్తాను. ఇంట్లో ఉర్దూయో మరో భాషో మాట్లాడేవారు ఆ భాషలో రాయవచ్చు, చదివి చెప్పగలవారు తోడుంటే.

మార్కులు ఇవ్వడం వేరు, బయట ప్రచురించడం వేరు. ఎవరి వ్యాసాన్నయినా వారి లిఖిత సమ్మతి లేకుండా ప్రచురించకూడదు, సమ్మతించనివారికి మార్కులు తగ్గకూడదు. ప్రచురించాక తప్పు దొరికితే ఆ వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా మార్చేయకుండా, ఏమి మారిందో, ఏ తేదీన మారిందో వ్యాసం పైభాగంలో రాయించాలి. ఆ గమనికను విద్యార్థే తన పేరుతో రాయాలి.