మితభాషి అయిన నాయన మీద స్మృతి సంచిక: సేకరణ నుంచి అచ్చు దాకా

చిత్తూరు, పుత్తూరు, పీలేరు లాంటి ఊళ్లలో సంవత్సరికానికి పంచే స్మృతి సంచికలు నాలుగు తెచ్చి పక్కపక్కన పెట్టి చూడండి. పేరు మారుతుంది, ఫోటో మారుతుంది. మృదుస్వభావి, స్నేహశీలి, అజాతశత్రువు అనే మాటలు మాత్రం మారవు. సభల్లో మాట్లాడిన మనిషైతే ప్రసంగాలు, సన్మానాల ఫోటోలు వేసి పేజీలు నింపొచ్చు. ఉద్యోగానికి పోయి, ఇంటికొచ్చి, పేపరు చదువుకుని, పిల్లల ఫీజులు కట్టి, ఎవరి జోలికీ పోకుండా బతికిన మనిషికి అవేవీ ఉండవు. ఆయన ఎలాంటివాడు అని అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు. ఏం చేసేవాడు అని అడగాలి.

పెద్దకర్మకు వచ్చినవాళ్లు మళ్లీ ఒకచోట చేరేది సంవత్సరికానికే. అందుకని పెద్దకర్మ రోజే ఒక లాంగ్ నోటుబుక్కు పెట్టి పేరు, ఊరు, ఆయనకు ఏమవుతారు, ఫోన్ నంబరు రాయించుకోండి. అంతకుమించి ఆ రోజు ఎవరినీ ఏమీ అడగొద్దు. నెల తిరిగాక వయసులో పెద్దవాళ్లతో మొదలుపెట్టండి: అక్క, మేనమామ, కలిసి చదువుకున్నవాళ్లు, మొదటి ఉద్యోగంలో పక్క కుర్చీవాళ్లు. కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్ల వంతు ఆఖరున.

గడువు లెక్క ఇక్కడే తప్పుతుంది. సంవత్సరికం తిథిని బట్టి వస్తుంది కాబట్టి ఇంగ్లీషు తేదీ కంటే సుమారు 11 రోజులు ముందే పడుతుంది. మధ్యలో అధికమాసం వస్తే ఇంగ్లీషు తేదీ దాటాక పడుతుంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. ముందు పురోహితుణ్ని అడిగి తేదీ ఖాయం చేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ప్రెస్సుకు 10 రోజులు, ప్రూఫులకు రెండు వారాలు, రాతకు రెండు నెలలు. ఐదో నెలకల్లా సేకరణ నడుస్తూ ఉండాలి.

బీరువాలో ఏం వెతకాలి

ఎస్సెస్సెల్సీ పుస్తకం, బడి టీసీ, సర్వీసు రిజిస్టరు నకలు, పెన్షన్ కాగితం, పెళ్లి పత్రిక, పెళ్లిలో చదివింపుల పుస్తకం, పాత రేషన్ కార్డు, పొలం ఉంటే పాసుపుస్తకం. వీటితో తేదీలు, ఊళ్లు, బదిలీలు తేలిపోతాయి. అన్నిటికంటే విలువైనది ఇంటి ఖర్చుల నోటుబుక్కు. పాత కాగితాల కింద లెక్కగట్టి అమ్మేసేది కూడా ముందు దాన్నే. జూన్ నెల పేజీ తీస్తే పుస్తకాల అట్టలకు ఖాకీ పేపరు, పాపకు రబ్బరు, చిత్తూరు బస్సు, బామ్మర్దికి చేబదులు 40 అని ఉంటుంది. ఆ 40 మీద అడ్డంగా గీత కొట్టి ఉంటే, అది తీరిపోయిందా, ఈయనే వదిలేశాడా అని ఆ బామ్మర్దినే అడగండి. మాట్లాడని మనిషి మనసు ఇలాంటి గీతల్లోనే దొరుకుతుంది. అచ్చులో మాత్రం అప్పు తీసుకున్నవాళ్ల పేరు వేయొద్దు.

పుట్టినరోజు విషయంలో జాగ్రత్త. ఆ తరంవాళ్లకు బడి రికార్డులో జూన్ 1 అనో జూలై 1 అనో ఉంటే, అది హెడ్మాస్టరు వేసిన తేదీ అయ్యే అవకాశం ఎక్కువ. జాతకం ఉంటే సంవత్సరం పేరు చూడండి. నందన అని ఉంటే 1952 ఉగాది నుంచి 1953 ఉగాది దాకా, హేవిళంబి అయితే 1957 ఉగాది నుంచి 1958 ఉగాది దాకా. జనవరిలో పుట్టినవాళ్ల దగ్గర ఒక ఏడాది తేడా పడేది ఇందుకే. నగరి, సత్యవేడు వైపు కుటుంబాల్లో జాతకం తమిళ లెక్కలో ఉండొచ్చు. సంవత్సరాల పేర్లు అవే, ఏడాది మాత్రం ఏప్రిల్ నడుమ మొదలవుతుంది. రెండు తేదీలూ తేలకపోతే రెండూ వేయండి: బడి రికార్డు ప్రకారం ఇది, జాతకం ప్రకారం ఇది.

కాగితం లేని సంగతులకు ఊరంతా ఎరిగిన సంఘటనను పట్టుకోండి. “ఇల్లు ఎప్పుడు కట్టారు?” అంటే తెలియదంటారు. “ఎన్టీఆర్ తిరుపతిలో గెలిచిన 1983 ఎలక్షన్లకు ముందా, తర్వాతా?” అంటే వెంటనే చెబుతారు. 1991 మేలో శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ చనిపోయిన రోజు, 2003 అక్టోబరు 1న అలిపిరి పేలుడు, 2021 నవంబరు వరదలు కూడా ఇలాగే పనికొస్తాయి. ఇద్దరు విడివిడిగా ఒకే మాట చెప్పాకే ఆ ఏడాది రాయండి.

అడిగే పద్ధతి

ఒక్కొక్కరిని విడిగా కలవండి. పదిమందిలో అడిగితే గొంతు పెద్దదైనవాళ్ల మాటే మిగులుతుంది. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మడిచిన తువ్వాలు మీద ఉంచి రికార్డు చేయండి. నడుమ కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగు ఆగిపోతుంది, ఆగినట్టు కూడా తెలియదు. టీవీ, ఫ్యాను ఆపించండి. నలభై నిమిషాలు చాలు, పెద్దవాళ్లను అంతకంటే కూర్చోబెట్టొద్దు.

ఏదో ఒక వస్తువు చేతికిచ్చి అడగండి: పాత ఫోటో, ఆయన తాళాలగుత్తి, కళ్లద్దాల డబ్బా. మేనత్తను అడిగితే మొదట వచ్చే మాట “మీ నాయన మాట్లాడేదే తక్కువ, శానా మంచోడు” అనే. అక్కడ ఆపొద్దు. “మీ ఇంటికొస్తే యాడ కూర్చునేవాడత్తా? ఏం పెడితే తినేవాడు? పోయేటప్పుడు ఏం చెప్పి పోయేవాడు?” అని ఒక్కొక్కటే అడగండి. అప్పుడు “అరుగు మీదే కూర్చునేది, లోపలికి రమ్మన్నా రాడు. సంగటి, చెనక్కాయల ఊరిబిండి పెడితే ఇంకో ముద్ద వేయించుకునేవాడు. పోయేటప్పుడు చెప్పడు, చెప్పులు లేకపోతే పోయినాడని తెలిసేది” అని వస్తుంది. మంచోడు అనే మాట కొట్టేసినా పుస్తకానికి నష్టం లేదు. ఆ చెప్పుల మాట మాత్రం ఉన్నదున్నట్టు వేయాలి.

జవాబు ఆగిన చోట వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. పది సెకన్లు ఊరుకుంటే చాలాసార్లు అసలు సంగతి అప్పుడే వస్తుంది.

అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి “నాయన గురించి చెప్పమ్మా” అంటే కన్నీళ్లో మౌనమో వస్తాయి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు పక్కన చేరి, మామూలు మంగళవారం పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఆయన ఏం చేసేవాడో వరసగా చెప్పమనండి. నీళ్లు ఎవరు పట్టేది, కాఫీ గ్లాసులోనా లోటాలోనా, పేపరు ఏ పేజీతో మొదలుపెట్టేది, గేటు గడియ ఎన్నిసార్లు చూసుకునేది. ఈ ఒక్క రోజే పుస్తకంలో మూడు పేజీల అధ్యాయం అవుతుంది, అందరూ ముందు చదివేదీ అదే.

రాత

ఏ5 సైజు పేజీలో 12 పాయింట్ల అక్షరంతో 150 నుంచి 180 మాటలు పడతాయి. జీవిత కథ 1500 మాటలు మించకపోతే మంచిది. ఏ గుణం చెప్పినా దాని వెనక రెండు సంఘటనలు ఉండాలి, లేకపోతే ఆ గుణం తీసేయండి. కోపమో మొండితనమో ఒక్కటైనా రాయండి. అది లేని పుస్తకాన్ని ఆయన్ను ఎరిగినవాళ్లు నమ్మరు. “చేశాడు” అని మొదలుపెట్టి “చేశారు”లోకి జారడం మామూలుగా జరిగే తప్పు. కథనం మొత్తం ఒకే పద్ధతిలో ఉంచి, బంధువుల మాటలను వాళ్ల యాసలోనే వదిలేయండి. “వచ్చినాడు”ను “విచ్చేశారు” అని దిద్దితే మేనత్త గొంతు పోతుంది. పోయిన రోజును ఎలా రాయాలో ఇంటి సంప్రదాయాన్ని బట్టి పెద్దల్ని అడగండి: పరమపదించారు, శివైక్యం చెందారు, ప్రభువునందు నిద్రించారు, ఏది వాడితే అదే. బంధువుల పేర్ల జాబితాను మాత్రం రెండు వైపుల నుంచీ ఒక్కొక్క పెద్దమనిషికి చదివి వినిపించాలి. ఒక్క పేరు తప్పిపోతే ఏళ్ల తరబడి మాట పడాల్సి వస్తుంది. ఆధార్, ఖాతా నంబర్లు కనిపించే కాగితాల ఫోటోలు వేయొద్దు.

ఫోటోలు, అచ్చు

అసలు సైజులోనే వేసే ఫోటోకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) స్కాన్ చాలు. పాస్‌పోర్టు ఫోటోను రెండింతలు పెంచాలంటే 600 కావాలి. ఫ్రేములో అద్దానికి అంటుకుపోయిన ఫోటోను పీకకండి, పైపొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేయించండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి, లేకపోతే సైజు తగ్గిపోయి అచ్చులో మొహాలు అలుక్కుపోతాయి. ఫోటో వెనక పేర్లను మెత్తటి పెన్సిలుతో రాయండి. బాల్ పెన్ను ఒత్తు ముందువైపు తేలుతుంది.

పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి: 16, 20, 32. లోపలికి 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాప్‌లిథో అనే మామూలు పుస్తకాల కాగితం, ఫోటోల పేజీలకు 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు, అట్టకు 250 లేదా 300. నూటయాభై కాపీల లోపు డిజిటల్ ప్రింటు మేలు. ఐదొందలు దాటితే ఆఫ్‌సెట్‌కు వెళ్లండి.

తెలుగుకు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. మీరు ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేస్తారు, ప్రెస్సు కోసం పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటరు దాన్ని “అను ఫాంట్స్” అనే వేరే రకం తెలుగు అక్షరాల్లోకి మారుస్తాడు. ఆ మార్పిడిలో ఒత్తులు పక్కకు పోతాయి, కొటేషన్ గుర్తుల చోట వేరే అక్షరాలు వస్తాయి. కాబట్టి మీ ఫైలు తప్పుల్లేకుండా ఉన్నంత మాత్రాన సరిపోదు, మార్చిన తర్వాతి ప్రూఫును కాగితం మీద తీయించి చదవాలి. ఒకరు అసలు రాతను పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. పేర్లు, తేదీలు, ఫోటోల కింది వాక్యాలు రెండోసారి విడిగా చూడండి. తప్పులు ఎక్కువగా మిగిలేది అక్కడే.

వచ్చే ఇళ్ల లెక్కకు ఇరవై కాపీలు కలిపి వేయించండి. రికార్డింగులను చెప్పినవాళ్ల పేరు, తేదీతో ఫైలు పేరు పెట్టి రెండు పెన్‌డ్రైవుల్లో ఎక్కించి రెండు ఇళ్లలో ఉంచండి. ఖర్చుల నోటుబుక్కును రబ్బరు బ్యాండు వేయకుండా గుడ్డలో చుట్టి పెట్టండి. రబ్బరు కరిగి కాగితానికి అంటుకుంటుంది.