తిరుపతిలో గురుత్వం 9.81 కాదు: తీగ, గుండుతో ఇంట్లోనే తేల్చుకోండి

పాఠ్యపుస్తకంలో గురుత్వ త్వరణం 9.8 అనో 9.81 అనో ఉంటుంది. కంప్యూటర్ ఆటలు తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లోనూ మొదటినుంచీ 9.81 పెట్టే ఉంటుంది. అన్‌రియల్ ఇంజిన్‌లో 980 సెంటీమీటర్లు. తిరుపతికి ఈ రెండూ సరిపోవు. మన ఊరు భూమధ్యరేఖకు 13.6 డిగ్రీల ఉత్తరాన ఉంది. అక్షాంశం, ఎత్తు కలిపి లెక్కకడితే ఇక్కడి విలువ సెకనుకు సెకనుకు 9.78 మీటర్ల దగ్గర, 9.782 చుట్టుపక్కల తేలుతుంది. 9.81కీ దీనికీ తేడా 0.3 శాతం. చిన్నదే అయినా ఇంట్లో పట్టుకోగలిగినంత తేడా ఇది. దానికి కావలసింది కొలతలో 0.1 శాతం కచ్చితత్వం. స్కూలు ల్యాబులో 20 ఊపులు లెక్కపెట్టి 9.6 నుంచి 10 దాకా ఏదో ఒకటి రాసే పద్ధతిలో అది రాదు. ఎక్కడ ఎంత పోతోందో తెలిసి చేస్తే వస్తుంది.

లోలకం అంటే వేలాడుతూ ఊగే గుండు. గురుత్వం తగ్గితే అది నెమ్మదిగా ఊగుతుంది, దాని ఊపు కాలం కొలిచే మనం గురుత్వాన్ని తేలుస్తాం. ఈ తేడా మొదట లోలకం గడియారాల్లో బయటపడింది. 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దక్షిణ అమెరికాలోని కయెన్‌కు వెళ్తే, పారిస్‌లో సరిచేసి తెచ్చిన లోలకం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అలాంటి గడియారాన్నే పారిస్ నుంచి తిరుపతికి తెస్తే రోజుకు దాదాపు 2 నిమిషాలు వెనకబడుతుంది.

ముందు సెన్సార్ సంగతి

ఫోన్లో యాక్సిలరోమీటర్ (త్వరణం కొలిచే చిప్పు) ఉండగా తీగలూ గుండ్లూ ఎందుకని అడిగేవాళ్లు ఉంటారు. 2006 నవంబరులో నింటెండో వీ, సోనీ ప్లేస్టేషన్ 3 అనే వీడియో ఆటల యంత్రాలు పోటాపోటీగా దుకాణాల్లోకి వచ్చినప్పుడు, రెండింటి కంట్రోలర్లలోనూ కదలికను పసిగట్టే ఈ చిప్పు ఉంది. ఆ పోటీ పుణ్యమా అని త్వరణం కొలిచే పరికరం ఆటవస్తువుగా ఇళ్లలోకి వచ్చేసింది. ఇప్పుడు దాదాపు ప్రతి స్మార్ట్ ఫోన్లోనూ ఉంది.

కానీ అది కొలిచేది గురుత్వాన్ని కాదు. ఫోన్ బల్లమీద ఉంటే, బల్ల దాన్ని పైకి నెట్టే బలాన్ని చూపిస్తుంది. అనుమానముంటే ఫోన్ సెన్సార్ల రీడింగులు చూపే ఫైఫాక్స్ (phyphox) యాప్‌లో గురుత్వం కలిపి చూపే త్వరణం ప్రయోగం తెరిచి, రికార్డింగ్ మొదలుపెట్టి, ఫోన్‌ను మీటరు ఎత్తు నుంచి పరుపు మీదికి వదలండి. పడుతున్న అర సెకను లోపు కాలంలో గీత దాదాపు సున్నాకు దిగుతుంది. గురుత్వం ఎక్కడికీ పోలేదు, నెట్టేది లేదంతే. పడుతున్నవాడికి తన బరువు తెలియదన్న ఈ విషయం దగ్గరే 1907లో ఐన్‌స్టీన్ ఆలోచన మొదలైంది.

ఈ చిప్పుల సున్నా ఉండవలసిన చోట ఉండదు. ఫోన్‌ను వెల్లకిలా పెట్టి ఒక రీడింగు, బోర్లా పెట్టి ఇంకోటి తీయండి. ఉదాహరణకు +9.91, −9.77 వచ్చాయనుకుందాం. రెండింటి సగటు 0.07. సున్నా అంత జరిగిందన్నమాట. తేడాలో సగం 9.84. సున్నా తప్పు పోయినా స్కేలు తప్పు మిగిలే ఉంటుంది, దాన్ని సరిచూసుకోవడానికి ఇంట్లో దారి లేదు. వేలు పోసి కొన్న ఫోన్ ఈ పనిలో తాపీమేస్త్రి గుండు ముందు ఓడిపోతుంది.

కావలసినవి

గోడ నిటారుగా ఉందో లేదో చూడటానికి తాపీమేస్త్రి వాడే ఇనుప గుండు, అరకిలో బరువుది, ఒకటి. సన్నగా పొడుగ్గా ఉన్నది వద్దు, పొట్టిగా లావుగా ఉన్నది తీసుకోండి, కారణం కింద చెబుతాను. సుమారు 0.25 మిల్లీమీటర్ల మందం ఉక్కు తీగ 2 మీటర్లు. వీణకో గిటారుకో వేసే సన్న తీగ సరిగ్గా పనికొస్తుంది. ఒక సి క్లాంపు, అంచులు పదునుగా ఉన్న రెండు ఇనుప పట్టీలు, స్టీలు టేపు, నూలుదారం, అగ్గిపెట్టె, రెండు ఫోన్లు.

నైలాన్ దారం పెట్టకండి. బరువుకు గంటల తరబడి సాగుతూనే ఉంటుంది. నూలుదారం తేమకు పొడవు మారుతుంది, పైగా పురి విడుతూ గుండును తిప్పుతుంది. దర్జీ టేపు అసలే వద్దు, లాగితే సాగుతుంది.

వేలాడదీయడం

సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. సీలింగ్ ఫ్యాను కొక్కేనికో గోడమేకుకో తీగను చుట్టి వదిలితే, ఊగేటప్పుడు తీగ మేకు గుండ్రం మీద చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంటుంది. అంటే ప్రతి ఊపులోనూ పొడవు మారుతుంది. కాబట్టి తీగను రెండు ఇనుప పట్టీల మధ్య పెట్టి, పట్టీల కింది అంచులు ఒకే మట్టంలో ఉండేలా సి క్లాంపుతో బిగించండి. ఆ అంచే లోలకం మొదలు. క్లాంపును గోడలో పాతుకున్న ద్వారబంధానికో దూలానికో పెట్టండి. కుర్చీ మీద కుర్చీ వేసి కట్టిన స్టాండు గుండుతోపాటు కంటికి కనపడనంతగా ఊగుతుంది, దాంతో ఊపు కాలం పెరిగి విలువ తగ్గిపోతుంది. క్లాంపు మీద గిన్నెలో నీళ్లు పెట్టి చూడండి. గుండు ఊగుతుంటే నీళ్లు వణికితే ఆ చోటు పనికిరాదు.

ఫ్యాను ఆపాలి, కిటికీలు మూయాలి. తిరుపతి ఎండాకాలంలో మధ్యాహ్నం ఈ పని పెట్టుకోవద్దు, తెల్లవారుజామున చేసుకోండి.

రెండు పొడవుల కిటుకు

లోలకం పొడవు పైనుంచి గుండు గరిమనాభి (బరువంతా ఒక్కచోట ఉన్నట్టు పనిచేసే బిందువు) దాకా లెక్క. ఆ నాభి లోహం లోపల ఎక్కడుందో టేపుకు అందదు. అందుకే ఒక్క పొడవుతో చేయకూడదు. అదే గుండు, అదే ముడి ఉంచి, ముందు పట్టీ అంచు నుంచి గుండు తల దాకా 1.46 మీటర్ల దగ్గర ఒకసారి ఊపండి. తర్వాత క్లాంపులోంచి తీగను పైకి లాగి సరిగ్గా 1 మీటరు తగ్గించి ఇంకోసారి ఊపండి. తలనుంచి నాభికి ఉన్న దూరం రెండింట్లోనూ ఒకటే కాబట్టి తీసివేతలో పోతుంది. బిగింపు దగ్గర తీగ వంపువల్ల వచ్చే చిన్న తేడా కూడా దాదాపు పోతుంది.

పోనిది ఒకటుంది, గుండు సైజు. గుండు కూడా ఊపుతోపాటు కొద్దిగా తిరుగుతుంది కనుక, పొట్టి లోలకం మీద దాని ప్రభావం ఎక్కువ. 5 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి ఇనుప గుండైతే (బరువు సరిగ్గా అరకిలో చుట్టూ వస్తుంది) విలువ 0.03 శాతం ఎక్కువ చూపిస్తుంది. ఫరవాలేదు. 10 సెంటీమీటర్ల సన్న గుండైతే ఆ తప్పు 0.1 శాతం దాటుతుంది. పొట్టిది తీసుకోమన్నది అందుకే.

పొడవులు గుండు వేలాడుతుండగానే కొలవండి. అరకిలో బరువుకు ఈ తీగ ముప్పాతిక మిల్లీమీటరు సాగుతుంది. టేపు కొసనున్న ఇనుప కొక్కెం అటూ ఇటూ కదులుతుంది. దాని మందాన్ని సర్దుకోవడానికే అలా చేస్తారు, కానీ మనకు అది పనికిరాదు. 10 సెంటీమీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి తర్వాత తీసేయండి. పొడవులో 1 మిల్లీమీటరు పొరపాటు తుది విలువను 0.01 మారుస్తుంది. మూడుసార్లు కొలిచి అర మిల్లీమీటరు లోపు కుదిరేదాకా ముందుకు వెళ్లొద్దు.

ఊపడం, లెక్కపెట్టడం

గుండును ఎంత పక్కకు లాగాలి? పెద్ద ఊపుకు కాలం కాస్త ఎక్కువ పడుతుంది. 10 డిగ్రీలకు లాగితే విలువ దాదాపు 0.4 శాతం తగ్గి వస్తుంది, అంటే మనం వెతుకుతున్న తేడాకంటే తప్పే పెద్దది. 3 డిగ్రీలకైతే 0.03 శాతం. పొడుగు లోలకాన్ని 8 సెంటీమీటర్లు, పొట్టిదాన్ని 2.6 సెంటీమీటర్లు లాగితే చాలు.

చేత్తో వదిలితే పక్కకు తోపు తగిలి గుండు కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. గుండుకు నూలుదారం కట్టి పక్కకు లాగి కుర్చీ కాలికి ముడేసి, కదలిక పూర్తిగా ఆగాక దారాన్ని అగ్గిపుల్లతో కాల్చండి. గుండు నిటారుగా ఒకే గీతలో ఊగుతుంది. మొదటి పది ఊపులు లెక్కలోకి తీసుకోకండి.

కాలం గుండు కొసల దగ్గర కాదు, నడిమధ్యన చూడాలి. కొసల్లో అది నెమ్మదిస్తుంది, ఎప్పుడు ఆగిందో కన్ను చెప్పలేదు. మధ్యలో వేగం ఎక్కువ, దాటిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. వెనక గోడమీద తీగకు సరిగ్గా ఎదురుగా నల్ల గీత పెట్టండి. స్టాప్‌వాచ్ నొక్కే వేలు కంటే వీడియో మేలు. ఒక ఫోన్‌ను కదలకుండా పెట్టి సెకనుకు 60 ఫ్రేములతో తీయండి, రెండో ఫోన్లో స్టాప్‌వాచ్ నడుస్తూ అదే ఫ్రేములో కనపడాలి. చాలా ఫోన్లు వెలుతురు తగ్గితే ఫ్రేముల వేగాన్ని తమంతట తామే మార్చేస్తాయి, కాబట్టి ఫ్రేములు లెక్కపెట్టి కాలం కట్టకండి, గడియారమే చూడండి.

ఎడమనుంచి కుడికి గీతను దాటిన మొదటి క్షణానికి "సున్నా" అనండి. "ఒకటి" కాదు. మళ్లీ అదే వైపునుంచి దాటితే ఒకటి. 200 దాకా వెళ్లండి. రెండు పొడవులకూ మూడేసిసార్లు.

ఇలాంటి అంకెలు రావాలి: పొడుగుదానికి 200 ఊపులకు 492.1 సెకన్లు, పొట్టిదానికి 284.1. ఒక్కో ఊపు 2.4605, 1.4205 సెకన్లు. వర్గాలు 6.0541, 2.0178. తేడా 4.0363. π (3.1416) వర్గాన్ని 4తో గుణిస్తే 39.478. దాన్ని పొడవుల తేడాతో (ఇక్కడ 1.000 మీటరు) గుణించి 4.0363తో భాగించండి. 9.781.

పొడుగు లోలకం కాలంలో 0.1 సెకను పొరపాటుకు జవాబు 0.006 మారుతుంది. పొడవు పొరపాటునూ కలుపుకుంటే 9.78కి అటూ ఇటూ 0.01. 9.81 ఆ హద్దులోకి రాదు.

9.88 వచ్చిందా? "ఒకటి"తో మొదలుపెట్టారు, 199 ఊపులే అయ్యాయి. 9.68 వస్తే ఒకటి ఎక్కువ ఊగించారు. మూడుసార్లలో ప్రతిసారీ కాలం కొద్దికొద్దిగా పెరుగుతుంటే తీగ క్లాంపులో జారుతోంది.

పదార్థం మారితే?

బంగారానికీ గోధుమలకూ గురుత్వం ఒకేలా పనిచేస్తుందా అన్నది న్యూటన్ లోలకాలతోనే పరీక్షించాడు. 1687లో అచ్చైన ప్రిన్సిపియాలో ఆయన రాసిన జాబితా: బంగారం, వెండి, సీసం, గాజు, ఇసుక, ఉప్పు, కొయ్య, నీళ్లు, గోధుమలు. దారాలు 11 అడుగులవి. మనం గోధుమల బదులు రాగులు తీసుకుందాం.

ఇక్కడ జాగ్రత్త ఒక్కటే. గాలి కూడా వస్తువును పైకి తేలుస్తుంది. ఇనుప గుండుకు ఆ తేలింపు 0.015 శాతం, తేలిక కొయ్యముక్కకు 0.17 శాతం, ఆపైన కూడా. విడివిడిగా వేలాడదీస్తే గాలి చేసిన పనిని పదార్థానికి అంటగడతాం. అందుకే న్యూటన్ ఒకే సైజు పెట్టెలు వాడాడు. ఒకే రకం స్టీలు డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదాన్ని రాగులతో కదలకుండా కూరండి, కదిలితే శక్తి రాపిడిలో పోతుంది. అవి తూచి, సరిగ్గా అంతే బరువు మేకులూ దూదీ రెండోదాంట్లో పెట్టండి, మేకులు నట్టనడుమ ఉండాలి. సైజు ఒకటే, బరువు ఒకటే, కాబట్టి గాలి ప్రభావమూ ఒకటే. పక్కపక్కన ఒకే పొడవున కట్టి ఒకేసారి వదలండి. పొడవులో 1 మిల్లీమీటరు తేడా ఉంటే 1.5 మీటర్ల లోలకాలు 100 ఊపులకు ఊపులో ముప్పయ్యో వంతు తప్పుతాయి. అంతకు మించి తప్పితే ముందు రాగులను కాదు, ముడులను అనుమానించండి.

ఈ వాదు న్యూటన్‌తో ఆగలేదు. 1986లో ఎఫ్రాయిమ్ ఫిష్‌బాక్ బృందం, హంగరీ శాస్త్రవేత్త యొట్వెష్ పాత కొలతలను తిరగేసి, పదార్థాన్నిబట్టి మారే ఐదో బలం ఉండొచ్చని ప్రకటించింది. తర్వాతి ప్రయోగాల్లో అది నిలవలేదు. 2016లో కక్ష్యలోకి వెళ్లిన మైక్రోస్కోప్ అనే ఉపగ్రహం టైటానియం, ప్లాటినం దిమ్మెలను పోల్చి, 2022 తుది ఫలితాల్లో కోటి కోట్లలో 0.1 వంతు స్థాయిదాకా తేడా కనిపించలేదని చూపింది.

కొండమీదికి తీసుకెళ్తే

ఈ ప్రశ్న ఇక్కడ ఎవరైనా అడుగుతారు. దిగువ తిరుపతికీ తిరుమలకూ ఎత్తు తేడా సుమారు 700 మీటర్లు. భూకేంద్రానికి అంత దూరమైనందుకు గురుత్వం 0.0022 తగ్గాలి. కానీ కాళ్లకింద శేషాచలం క్వార్ట్‌జైటూ దాని అడుగున గ్రానైటూ ఉన్నాయి. ఆ రాయి లాగే లాగుడు 0.0008 తిరిగి కలుపుతుంది. మిగిలేది 0.0014. పొడుగు లోలకం 1000 ఊపులు ఊగితే, 41 నిమిషాల్లో 0.17 సెకను తేడా. పైన 6 డిగ్రీలు చల్లగా ఉంటే ఉక్కు తీగ కుంచించుకుపోయి అందులో సగాన్ని మింగేస్తుంది. తీగ విప్పి మళ్లీ బిగించేటప్పుడు పొడవు 0.1 మిల్లీమీటరు తప్పితే మరో సగం. ఈ సామానుతో ఆ పని జరగదు. అలిపిరి తనిఖీలో తీగ, గుండు, క్లాంపు ఎందుకో వివరించే శ్రమ వేరే. చేయాలనే పట్టుదల ఉంటే తీగను క్లాంపునుంచి విప్పకుండా, క్లాంపుతో సహా ఒక చట్రానికి బిగించి తీసుకెళ్లాలి. రెండుచోట్లా ఉష్ణోగ్రత రాసుకోవాలి. డిగ్రీకి పొడవులో మీటరుకు 0.012 మిల్లీమీటర్లు సర్దుకోవాలి.