ఉప్పుగాలిలో సీసీ కెమెరా నిలవాలంటే జాయింటు ఇలా వేయాలి

ఒడిశాలోని ఛత్రపూర్, గోపాల్‌పూర్ నుంచి ఇటు ఇచ్ఛాపురం దాకా తీరం ఊళ్లలో బయట పెట్టిన కెమెరాలు ఏడాది తిరక్కుండా ఆగిపోతుంటాయి. అందరూ కెమెరాను తిడతారు. విప్పి చూస్తే అది బాగానే ఉంటుంది, దాని తోక (వెనక వేలాడే పొట్టి వైరు) చివరి ప్లగ్గు పిన్నులకే పచ్చటి చిలుము పట్టి ఉంటుంది.

ఐపీ67 (నీరు, దుమ్ము చొరకుండా ఎంత కాపాడుతుందో చెప్పే రేటింగు) ఉన్న బుల్లెట్ కెమెరా, అంటే పొడుగాటి గొట్టంలాంటిది, కొనండి. డోమ్ వద్దు, దాని బుడగకు ఉప్పు పొర పడితే రాత్రిపూట బొమ్మంతా తెల్లబడుతుంది. కేబుల్ అసలు రాగిది, ఎండకు తట్టుకునే నల్ల తొడుగుది కావాలి. స్క్రూలు 316 రకం (ఉప్పుకు తేలిగ్గా తుప్పు పట్టని) స్టీలువి. చూరు కింద జంక్షన్ బాక్సు, దాని మీద కెమెరా బిగించండి. కెమెరాల కేబుళ్లు కలిసే నెట్‌వర్క్ స్విచ్ నుంచి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు.

ఇక జాయింటు, అంటే కెమెరా తోకకు కేబుల్ కలిసే చోటు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని. ఆ హామీ కెమెరా ఒంటికే, తోకనున్న ప్లగ్గుకు కాదు. అందుకే కెమెరాతో వచ్చే వాటర్‌ప్రూఫ్ క్యాప్‌ను, రబ్బరు వాషరును ముందు కేబుల్‌కు ఎక్కించి, ఆ తర్వాతే ఆర్‌జే45 (కేబుల్ చివరి నెట్‌వర్క్ ప్లగ్గు) క్రింప్ చేయాలి, అంటే పనిముట్టుతో నొక్కి బిగించాలి. చాలామంది ముందే క్రింప్ చేసేసి, ఇక క్యాప్ ఎక్కక దాన్ని పారేసి, కరెంటు టేపు చుట్టేస్తారు. ఎండకు ఆ టేపు జిగురు కారి ఊడుతుంది. ఊడేలోపు ఉప్పుతేమను లోపలే పట్టి ఉంచుతుంది.

వానలో, పొద్దుటి మంచులో ఈ పని అసలు పెట్టుకోకండి. లోపల చిక్కిన తేమకు బయటికి దారుండదు. మధ్యాహ్నం ఎండలో ప్లగ్గును పొడిగుడ్డతో తుడిచి, పిన్నులకు డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమను ఆపే గ్రీజు) పలచగా రాసి, క్యాప్ చేత్తోనే గట్టిగా బిగించండి. దాని మీద, తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ కింది నుంచి పైకి చుట్టండి. చూరున పెంకులు నేసినట్టు పై చుట్టు కింది చుట్టును సగం కప్పాలి. అప్పుడే నీరు జారిపోతుంది.

జాయింటు బాక్సులో ఉండాలి, కేబుల్ బాక్సు అడుగున ఉన్న గ్లాండు (కేబుల్ చుట్టూ బిగుసుకునే మూత) నుంచే లోపలికి వెళ్లాలి. వెళ్లేముందు కిందికి ఒక వంపు వేలాడనివ్వండి, నీరు అక్కడే చుక్కలుగా రాలిపోతుంది.

బాక్సు నిండా సిలికాన్ కొట్టేవాళ్లున్నారు. వెనిగర్ వాసన వేసే సిలికాన్ ఆరుతూ ఆసిటిక్ ఆమ్లం వదులుతుంది, అదే రాగిని తినేస్తుంది. పైగా రిపేరుకు విప్పలేరు. రబ్బరు టేపయితే బ్లేడుతో కోస్తే చాలు, జాయింటు శుభ్రంగా బయటపడుతుంది.

2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే ఈ తీరాన్ని కొట్టాయి. కాబట్టి ఏటా సెప్టెంబరులో గ్లాండులు బిగించి చూసుకోండి. కెమెరా అద్దాన్ని ముందు మంచినీళ్లతో కడిగి, తర్వాతే గుడ్డ పెట్టండి. పొడిగా తుడిస్తే ఉప్పు గీతలు పడతాయి.