బిగుసుకుపోయిన నకిల్ పిన్నును హైడ్రాలిక్ సిలిండర్‌తో తీసే పద్ధతి

కాకినాడ రేవుకు ఎరువులు, బొగ్గు మోసే వ్యాగన్లకు ఉప్పుగాలి, తేమ నిత్యం తగులుతూనే ఉంటాయి కనుక, వ్యాగన్లను ఒకదానితో ఒకటి కలిపే సెంటర్ బఫర్ కప్లర్‌లో, పక్క కప్లర్‌ను పట్టుకునే కదిలే దవడ లాంటి నకిల్‌ను పట్టి ఉంచే పిన్ను తుప్పు పట్టి రంధ్రంలోనే బిగుసుకుపోవడం వింత కాదు. అయితే సుత్తి దెబ్బలకు కదలని పిన్ను విషయంలో వంపును కూడా అనుమానించాలి. బండిని లాగే బలాన్ని నకిల్ చెవులు (పొడుచుకు వచ్చిన దిమ్మలు) కప్లర్ తలలోని చెవులకు ఆని మోయాలి. అవి అరిగితే ఆ భారం పిన్ను మీద పడి దానిని వంచుతుంది.

ఈ పని క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బందిదే. లైనుకు రక్షణ తీసుకుని (అంటే దాని మీదికి వేరే బండ్లు రాకుండా చేసి), చక్రాలకు దిమ్మలు వేసి, హ్యాండ్ బ్రేకు బిగించి, పక్క వ్యాగన్‌ను విడదీసి దూరంగా జరిపిన తర్వాతే పనిముట్టును దగ్గరకు తేవాలి.

ముందు పిన్ను అడుగున, అది జారిపోకుండా ఆపే రెండు కాళ్ల కాటర్ పిన్నును తీసి, రంధ్రం అంచుల్లోని మడ్డిని గీకి, తుప్పు వదిలించే నూనె పోసి వీలైతే రాత్రంతా నాననివ్వాలి. గ్యాస్ మంటతో కాల్చేద్దామన్న తొందర పనికిరాదు. పోత ఉక్కు గుణం చెడుతుంది, సిలిండర్ సీళ్లు కూడా దెబ్బతింటాయి.

పిన్ను తల పైన ఉంటుంది కాబట్టి కింది నుంచి పైకి నెట్టాలి. సి ఆకారపు చట్రాన్ని కప్లర్ తలకు తగిలించి, అడుగున సిలిండర్‌ను నిలిపి, దాని ర్యామ్ (బయటికి వచ్చి నెట్టే కడ్డీ) పిన్ను నడిమికి సూటిగా ఆనిందో లేదో చూడాలి. చదరపు సెంటీమీటరుకు సుమారు 700 కిలోల ఒత్తిడి తెచ్చే చేతి పంపుతో, 25 చదరపు సెంటీమీటర్ల ర్యామ్ 17.5 టన్నుల బలాన్ని ఇస్తుంది. అంత బలం ఓరగా పడితే పిన్ను ఇంకా బిగుస్తుంది, లేదా చట్రమే తప్పుకుని ఎగిరిపడుతుంది. అందుకే పిన్నుకు గొలుసు కట్టి, దాని పైకి ఎవరూ వంగకుండా చూసి, పక్కనే నిలబడి కొద్దికొద్దిగా పంపు కొట్టాలి. గేజి ముల్లు పెరుగుతున్నా పిన్ను కదలకపోతే ఆపి, ఒత్తిడి వదిలి, చట్రం అమరికను మళ్లీ సరిచూడాలి. బిగువు వదిలేటప్పుడు ఠంగుమన్న చప్పుడు రావడం సహజమే. ర్యామ్ కొస వరకూ వచ్చాక, ఒత్తిడి వదిలి, మధ్యలో ఉక్కు ముక్క పెట్టి మళ్లీ నెట్టాలి. పిన్ను పూర్తిగా వస్తే నకిల్ జారి కాళ్ల మీద పడవచ్చు కనుక దానికి ముందే ఆసరా ఇవ్వాలి.

గొట్టంలో నూనె కారుతోందేమోనని చేత్తో తడిమి చూడకూడదు. ఆ ఒత్తిడిలో సన్నని ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్కతో చూడాలి.

తీసిన పిన్నును చదునైన పలక మీద దొర్లిస్తే వంపు తెలిసిపోతుంది. వంగినదాన్ని సాగగొట్టి మళ్లీ వేయకుండా, చెవుల అరుగుదలను కొలిచి, అవసరమైతే నకిల్‌ను కూడా మార్చి, కొత్త పిన్నుకు గ్రీజు రాసి, కాటర్ పిన్నును రెండు కాళ్లూ విడదీసి మడవాలి.