హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు గగనదూరం, ప్రయాణ సమయం లెక్కకట్టే విధానం

తెల్లవారుజామున 4 గంటలకు శంషాబాద్‌లో విమానం ఎక్కితే అదే రోజు సాయంత్రం 4 గంటలకు డల్లాస్ చేరతామని టికెట్‌లో ఉంటే, పిల్లల దగ్గరకు మొదటిసారి వెళ్లే పెద్దవారు ప్రయాణం పన్నెండు గంటలేనని అనుకోవడం సహజం. అసలు సమయం దాదాపు దానికి రెండింతలు. మందుల వేళలు, తిండి, విశ్రాంతి అన్నీ ఆ అసలు సమయాన్ని బట్టే చూసుకోవాలి కాబట్టి దానిని ముందే లెక్కకట్టుకోవడం అవసరం.

మొదట దూరం తేల్చుకోవాలి. గోడ మీది పటంలో స్కేలు పెట్టి కొలిస్తే తప్పు వస్తుంది. గుండ్రని భూమిని చదునుగా పరిచినప్పుడు దూరాలు సాగిపోతాయి. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు మీద హైదరాబాద్ దగ్గర దారం కొసను నొక్కిపట్టి, డల్లాస్ వరకు బిగుతుగా లాగండి. ఈ రెండు నగరాల రేఖాంశాల మధ్య తేడా సుమారు 175 డిగ్రీలు ఉండడం వల్ల దారం అట్లాంటిక్ మీదుగా కాకుండా, రష్యా దాటి ఉత్తర ధ్రువానికి చేరువగా సాగడం చూస్తారు. భూమధ్యరేఖ పొడవు 40,075 కిలోమీటర్లు, గ్లోబు నడుము చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. అంటే ఒక్కో సెంటీమీటరు దాదాపు 425 కిలోమీటర్లతో సమానం. దారం 34 సెంటీమీటర్లు వస్తుంది గనుక దూరం సుమారు 14,400 కిలోమీటర్లు.

అయితే హైదరాబాద్ నుంచి వెళ్లేవారు దారిలో విమానం మారవలసిందే. దుబాయ్ మీదుగా వెళితే అక్కడికి 2,550, అక్కడి నుంచి డల్లాస్‌కు 12,900, మొత్తం 15,450 కిలోమీటర్లు అవుతుంది.

ఇక సమయం. పెద్ద జెట్ విమానాల వేగాన్ని గంటకు 900 కిలోమీటర్లుగా తీసుకొని దూరాన్ని భాగించి, విమానం నేల మీంచి పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఒక్కో విమానానికి అరగంట కలపాలి. పడమటికి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, జెట్ స్ట్రీమ్ అనే బలమైన పైగాలి ఎదురొస్తుంది. అందుకు పదోవంతు చేర్చండి. ఈ లెక్కన దుబాయ్‌కి నాలుగు గంటల లోపు, అక్కడి నుంచి డల్లాస్‌కు సుమారు పదహారు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనుక నుంచి తోస్తుంది కనుక గంటకు పైగా కలిసివస్తుంది.

చివరగా టికెట్‌తో సరిచూసుకోవాలి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు, మిగిలిన కాలంలో పదకొండున్నర గంటలు వెనుక ఉంటుంది. టికెట్‌లో కనిపించే పన్నెండు గంటలకు వేసవిలో పదిన్నర కలిపితే ఇరవై రెండున్నర గంటలు. అందులో గాలిలో గడిచేది ఇరవై, దుబాయ్‌లో ఆగేది రెండున్నర. వచ్చేటప్పుడు ఈ తేడాను కలపకూడదు, తీసివేయాలి. ఇన్సులిన్ వాడేవారు డాక్టరుకు టికెట్ వేళలతో పాటు ఈ ఇరవై రెండున్నర గంటల లెక్కను కూడా చూపించి, మోతాదుల వేళలు రాయించుకోవాలి.